బొమ్మలగుట్టకు ఒకనాటి యాత్ర

కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు బాటలో 20 కిలోమీటర్లకు పైగా సాగిన పిమ్మట గంగాధర మండలములో కురిక్యాల యను గ్రామము వచ్చును. ఆ గ్రామమునకు చేరువనున్న రాతిగుట్టను చుట్టుపట్లవారు బొమ్మలగుట్ట యనియు, బొమ్మలమ్మ గుట్ట యనియు పిలుతురు. అది గొప్ప యెత్తు గలది కాదు. దానిపై తిరుమలలోవలె బంగారు గోపురము లేదు. శ్రీశైలములోవలె చుట్టును అడవి లేదు. కాని తెలుగు పద్యము వయస్సెంత యని ఎవరైన ప్రశ్నించినచో, జవాబు చెప్పువాడు ఈ గుట్ట పేరెత్తకుండ తప్పించుకొనజాలడు. ఇక్కడ ఒక మాట. మన ఉత్తర తెలంగాణమున ‘కొండ’ యనునది చాలవరకు పుస్తకములలోని పదము. నోట పలుకునది ‘గుట్ట’. అదే బాటలో మరికొంత దూరమున నున్న కొండగట్టు మాత్రము ఆ పదమును పేరులో నిలుపుకొన్నది.

నేడు ఆదివారములందును, సెలవు దినములందును బస్సులు మాట్లాడుకొని ఇట్టి గుట్టలకు పోవు బృందములు పెరుగుచున్నవి. పాఠశాల పిల్లలు, కళాశాల విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, మహిళా సంఘములవారు ఉదయమే బయలుదేరి, పులిహోర పొట్లములు విప్పుకొని తిని, పొద్దుగూకువేళకు ఇండ్లు చేరుదురు. గుంపుగా ప్రయాణము చేయుట మనకు కొత్తగాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, సుమారు నూరుమంది పరివారముతో హైదరాబాదు, నిర్మల మీదుగా నాగపురము దారిని కాశికి పోయెను. ఆ ప్రయాణమున ఆయన వ్రాసికొన్న దినచర్యయే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను గ్రంథముగా వెలువడినది. అటు ఇంగ్లండులో థామస్ కుక్ అనునాతడు 1841 జూలై 5న లెస్టరు పట్టణము నుండి లఫ్‌బరో పట్టణమునకు రైలు మాట్లాడి, కొన్ని వందలమందిని ఒక్కదినమున తీసికొనిపోయి తిరిగి తెచ్చెను. ఒకనాటి వినోదయాత్ర యను వ్యాపారమునకు దానినే తొలి అడుగుగా చెప్పుదురు. ఈ రెంటిలో మొదటిది తీర్థయాత్ర; రెండవది విహారయాత్ర. తీర్థయాత్రికునకు తాను దేనిని చూడబోవుచున్నాడో ఇంటి వద్దనే తెలియును. విహారయాత్రికునకు అది తెలియదు. ఎవరో ఒకరు చెప్పవలెను. చెప్పువాడు లేనిచోట బొమ్మలగుట్ట వట్టి బండగానే కనబడును.

నేనెరిగిన బృందములు కొన్ని గుట్ట నెక్కి, నీడపట్టున కూర్చుండి, ఫొటోలు దిగి, ‘ఇంతేనా’ యని దిగివచ్చినవి. వారిని తప్పుపట్టలేము. బండలమధ్యగా పైకెక్కినపుడు ఎదుట నిలుచునది నిలువుగానున్న ఒక పెద్ద రాతిముఖము. దానిమీద జైన తీర్థంకరుల మూర్తులు, వారితోపాటు చక్రేశ్వరి యను దేవత రూపము చెక్కబడియున్నవి. చక్రేశ్వరి మొదటి తీర్థంకరుడైన వృషభనాథుని శాసనదేవత; జైన శిల్పశాస్త్రము ఆమెకు చక్రమును ఆయుధముగను, గరుడుని వాహనముగను చెప్పుచున్నది. మూర్తులతోపాటు కొన్ని పంక్తుల వ్రాత యున్నది. చూచువారిలో నూటికి తొంబదిమంది ఆ వ్రాతను రాతి గీతలనుకొని దాటిపోవుదురు. గుట్టకు ప్రాణము అందులోనే యున్నది.

దానిని వ్రాయించినవాడు జినవల్లభుడు. ఆతడెవడో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను.

పదియవ శతాబ్దమున ఈ సీమను సబ్బినాడు అనెడివారు. దీనిని పాలించినవారు వేములవాడ చాళుక్యులు. వారు రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులు. మొదట బోధనును, తరువాత వేములవాడను రాజధానిగా చేసికొనిరి. వారిలో రెండవ అరికేసరి సుమారు 930 మొదలు 955 వరకు ఏలెను. ఆతని ఆస్థానమున పంపకవి యుండెను. కన్నడ దేశమున నేటికిని పంపునకు ‘ఆదికవి’ యని పేరు. ఆతని ఆదిపురాణము క్రీ. శ. 941 నాటిది. ఆతడు ‘విక్రమార్జున విజయము’ అను పేర భారతకథను చెప్పి, అందు అర్జునునితో తన ప్రభువైన అరికేసరి నభేదముగా వర్ణించెను. ప్రభువు సంతోషించి ‘కవితాగుణార్ణవు’డను బిరుదముతోబాటు ధర్మపురమను అగ్రహారము నిచ్చెను. ఇంతటి కన్నడ మహాకవి పూర్వులు వేంగినాటివారు. వంగిపర్రు అగ్రహారమునకు చెందిన బ్రాహ్మణ కుటుంబము. పంపుని తండ్రి జైనమతము స్వీకరించెను. తెలుగు సీమలో పుట్టిన వంశము, కన్నడ కావ్యము, జైన ధర్మము, తెలంగాణపు ఆస్థానము. ఇవి అన్నియు ఒక్క ఇంటిలో కలిసినవి. నేటి రాష్ట్రముల సరిహద్దుల గీతలు మనసున పెట్టుకొని ఆ కాలమును చూచువారికి ఇది చిక్కుముడివలె తోచును. ఆనాటివారికి మాత్రము ఇందు వింతయేమియు కనబడియుండదు.

ఆ పంపునకు తమ్ముడే జినవల్లభుడు. పంపునకు ఇట్టి తమ్ముడు కలడను సంగతియు, వారి తల్లి పేరు అబ్బణబ్బె యనుటయు కురిక్యాల రాయి వలననే లోకమునకు తెలిసినవి. సుమారు 945 ప్రాంతమున జినవల్లభుడు ఈ గుట్టపై తీర్థంకరుల మూర్తులను, చక్రేశ్వరీ మూర్తిని చెక్కించెను. ‘త్రిభువన తిలక’మను జైన బసదిని కట్టించెను. ‘కవితాగుణార్ణవ’మను చెరువును త్రవ్వించెను, ‘మదనవిలాస’మను తోటను వేయించెను. చెరువు పేరును గమనింపుడు. అది అన్న బిరుదము. రాజు ఇచ్చిన బిరుదమును తమ్ముడు నీటికి పెట్టినాడు. ఆ కాలమున కవికి ఇంతకంటె మించిన స్మారక మేమి యుండును? శాసనమున ఈ గుట్ట పేరు వృషభగిరి. అన్న 941లో వృషభనాథుని చరిత్రను ఆదిపురాణముగా రచించినాడు. తరువాత కొలదియేండ్లకు తమ్ముడు ఆ వృషభనాథుని పేరిట గుట్టపై ఆయన శాసనదేవతను చెక్కించినాడు. ఒకరు తాళపత్రము మీదను, ఒకరు రాతిమీదను చేసిన పని ఒక్కటేయని నాకు తోచును.

ఇక శాసనపు భాష. ఇది మూడు భాషలలో నున్నది: సంస్కృతము, కన్నడము, తెలుగు. చివర తెలుగున నున్నవి మూడు కందపద్యములు. వానిలో నొకదాని తాత్పర్యము స్థూలముగా నిది: జినాలయములు కట్టించుటయందును, జినపూజలు సేయించుటయందును, జైన మునులకు అన్నదాన మొనర్చుటయందును జినవల్లభునితో పోల్చదగిన ధర్మపరులు ఎవరు గలరు? భావము దానశాసనములలో నిత్యము కనబడునదే. విలువ భావముననుగాక ఆ పద్యముల నడకయందున్నది. కందము వ్రాయుట అందరికిని సాధ్యమగు పని కాదు. దానికి నాలుగు మాత్రల గణములు కావలెను, మొదటి మూడవ పాదములకు మూడేసి, రెండవ నాలుగవ పాదములకు ఐదేసి గణములు, జగణము ఉండవలసినచోట ఉండవలెను, ఉండరానిచోట ఉండరాదు, ప్రాస తప్పరాదు. ‘కందము చెప్పినవాడే కవి’ యను నానుడి ఊరక పుట్టలేదు. ఇన్ని నియమములు గల పద్యమును రాతిమీద తడబాటు లేక నడిపింపగలిగినారనగా, అప్పటికే తెలుగున కందము చెప్పు అలవాటు బాగుగ పాదుకొని యుండవలెను. ఒక్కనాడు మొలచి ఒక్కనాడు పూచు మొక్క కాదది.

నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కాలమువాడు. అనగా 11వ శతాబ్దమువాడు. ఆతనికంటె నూరేండ్లు ముందుగా గోదావరికి ఇవతలి గట్టున, సబ్బినాటి గుట్టమీద, తెలుగు కందములు వెలసినవి. అంతకు మునుపు తెలుగున పద్యశాసనములు లేకపోలేదు. పండరంగని అద్దంకి శాసనము 9వ శతాబ్దము నాటిది, అందున్నది తరువోజ. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనము మధ్యాక్కరలలో నున్నది. అవి దేశి ఛందస్సులు. మనకు లభించిన తెలుగు కందములలో మాత్రము కురిక్యాలవే తొలివని పండితుల మాట. తెలుగునకు ప్రాచీన భాష హోదా గావలెనని వాదము సాగిన దినములలో ఈ మూడు పద్యములు పలుమారు చర్చకు వచ్చినవి. 2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వము తెలుగునకును కన్నడమునకును ఒక్కనాడే ఆ హోదా ప్రకటించెను. ఆ రెండు భాషలును పక్కపక్కన నిలిచిన రాయి వేయేండ్లకు ముందే కురిక్యాలలో నుండెను.

ఒకే సంగతిని మూడు భాషలలో వ్రాయుట యెందులకు? దీనికి నా యూహ నొకదానిని మనవి చేసెదను. సంస్కృతము దేశమంతటి పండితులకొరకు. కన్నడము రాష్ట్రకూట సామ్రాజ్యమున ఆస్థానభాష, కావ్యభాష. తెలుగు గుట్టక్రింద నాగలి దున్నువాని భాష. చెరువు నీరు త్రాగువాడును వాడే. ఇరాన్ దేశమునందు బెహిస్తూన్ అనుచోట డేరియస్ చక్రవర్తి క్రీ. పూ. 6వ శతాబ్దమున పర్వతముఖముపై మూడు భాషలలో తన విజయములను చెక్కించెను: ప్రాచీన పారసీకము, ఎలామైటు, బాబిలోనియను. క్రిందనుండి చూచువారికి అక్షరములు అందనంత యెత్తున చెక్కించుటచే ఎవరును దానిని చెరుపలేకపోయిరి. 1835లో రాలిన్‌సన్ అను ఆంగ్లేయుడు ఆ కొండ కొమ్మున నిచ్చెనలు వేసికొని ప్రతి తీయ మొదలిడెను. దానివలన మేకులవంటి ఆ ప్రాచీన లిపిని చదువు విద్య లోకమునకు దక్కెను. బెహిస్తూనునకు గల ఆ రక్ష మన గుట్టకు లేదు. ఇక్కడి అక్షరములు చేతికి అందును. అదియే భయము.

ఈ సీమలో జైనమునకు ఆ కాలమున గల గౌరవమునకు మరియొక సాక్ష్యమున్నది. సోమదేవసూరి యను జైన పండితుడు ‘యశస్తిలక’మను సంస్కృత చంపూకావ్యమును క్రీ. శ. 959లో గంగధార యను పట్టణమున ముగించితినని చెప్పుకొనెను. అప్పుడు ఆ ప్రాంతమును పాలించినవాడు అరికేసరి కుమారుడు. ఆ గంగధార మన గంగాధరయే యని మన చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. పిమ్మట 966 నాటి పర్భణీ తామ్రశాసనము వలన వేములవాడలోని శుభధామ జినాలయమునకు సోమదేవుడు అధిపతిగా నుండెననియు తెలియుచున్నది. నేడు వేములవాడ యనగానే రాజరాజేశ్వరస్వామియు, కోడె మొక్కులును స్ఫురించును. అక్కడి భీమేశ్వరాలయము చాళుక్యుల నాటిదని ఎరిగినవారు కొందరుందురు. జైనుల మాట ఎరిగినవారు అరుదు. కురిక్యాల బసదియు కాలగర్భమున కలిసినది. జినవల్లభుని పేరు ఊరిలో ఎవరికిని గుర్తు లేకపోయినను, చక్రేశ్వరి మాత్రము బొమ్మలమ్మయై నిలిచినది. మతము మారిన తరువాతను జనులు ఆ రూపమును అమ్మగా భావించుటచేతనే గుట్ట పేరు నిలిచినదనుట సత్యమునకు దూరము కాదు. పండితుల కన్ను పడకముందు వందలయేండ్లు ఆ రాయిని కాపాడినది ఈ పిలుపే.

బృందమును తీసికొనిపోవు పెద్దలకు కొన్ని సంగతులు తెలిసియుండుట మేలు. రాతిమీది అక్షరములు మిట్టమధ్యాహ్నపు వెలుగున సరిగా కనబడవు. వెలుగు అడ్డముగా పడునపుడు చెక్కిన గంటులలో నీడ నిలుచును. నీడ నిలిచినప్పుడే అక్షరము లేచి కనబడును. పొద్దు ఒకవైపున వాలియున్న వేళను ఏరుకొనవలెను. మబ్బు పట్టిన దినమైనచో ఒక టార్చిదీపమును ప్రక్కనుండి పట్టినను అదే ఫలితము కలుగును. లిపి ఆనాటి తెలుగు కన్నడ లిపి. రెండు భాషలకును అప్పుడు వ్రాత ఒక్కటే. ఓపికతో చూచిన పిల్లలు కొన్ని అక్షరములను తమంతట తామే పోల్చుకొందురు. ఒక అక్షరము తెలిసినదన్నపుడు వారి ముఖమున కలుగు వెలుగును నేను చూచియున్నాను. ఉపన్యాసము గంటసేపు చెప్పినను రాని ఉత్సాహము అందు వచ్చును.

శాసనమునకు ప్రతి తీయు విధమును పిల్లలకు చెప్పదగినది. మొదట రాతిని నీటితో శుభ్రపరతురు. పిమ్మట తడిపిన కాగితమును దానిపై అంటించి, గట్టి కుచ్చుతో మెల్లగా కొట్టుదురు. కాగితము గంటులలోనికి దిగును. కొంత ఆరిన తరువాత మసితో తడిపిన మెత్తని గుడ్డయుండతో పైపైన అద్దుదురు. ఎత్తుగానున్న చోట నలుపు పట్టును. లోతైన అక్షరము తెల్లగా మిగులును. కాగితమును ఊడదీసి పట్టణమునకు తీసికొనిపోయి బల్లమీద పరచుకొని చదువుదురు. ఇట్లు తీసిన ప్రతులను పరిశీలించియే పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి శాసన పండితులు కరీంనగర మండలపు శాసనముల సంపుటమును 1974లో వెలువరించిరి. అయితే ఇది శిక్షణ పొందినవారి పని. యాత్రకు వచ్చినవారు అక్షరములు స్పష్టముగా కనబడుటకని సుద్దముక్కతో రుద్దుట, నూనె పూయుట, పసుపు కుంకుమలు అద్దుట, మేకుతో గీయుట ఎంతమాత్రమును కూడదు. సుద్దతో గీసినవాడు తాను అనుకొన్న అక్షరమును గీయును. తరువాత వచ్చి చదువువానికి రాయి చెప్పినదేదో, సుద్ద చెప్పినదేదో తెలియదు. తన పేరును, స్నేహితురాలి పేరును రాతిమీద చెక్కు యువకుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. జినవల్లభుడును పేరు చెక్కించుకొన్నవాడే కదా యని ఒక చమత్కారి నాతో అనెను. ఆతడు చెరువు త్రవ్వించిన తరువాత చెక్కించుకొన్నాడని నేను జవాబు చెప్పితిని.

ఇంతకంటె పెద్ద ఆపద మరియొకటి కలదు. కరీంనగరపు గుట్టలు గ్రానైటు రాతికి ప్రసిద్ధికెక్కినవి. ‘టాన్ బ్రౌన్’, ‘మేపుల్ రెడ్’ అను వ్యాపార నామములతో ఇక్కడి బండలు దీర్ఘచతురస్రముగా కోయబడి, కాకినాడ రేవు నుండి చైనా మొదలగు దేశములకు పోయినవి. దానివలన ఎందరికో జీవనము కలిగిన మాట నిజము. కాని కరీంనగరము చుట్టును బస్సులో తిరుగువారు సగము కోసి విడిచిన గుట్టలను చూడకుండ పోలేరు. క్వారీలు వ్యాపించినకొలది బొమ్మలగుట్టను గూర్చియు చరిత్రాభిమానులు ఆందోళన వెలిబుచ్చుచు వచ్చిరి. చెరువు పూడినచో మరల తీయవచ్చును; గుడి కూలినచో రాళ్లు పేర్చి నిలుపవచ్చును. కోసిన గుట్టను మరల మొలిపించువాడు లేడు. పేలుడు మందు అదురునకు దూరపు బండయు నెరియలు విచ్చును. నెరియలో వాననీరు నిలిచి పొరలు ఊడును. మూడు పద్యములును ఒక్క బండమీదనే యున్నవి. ఆ బండకు రెండవ ప్రతి లేదు.

ఉదయము ఇక్కడ గడిపిన బృందమునకు మధ్యాహ్నము ఎలగందుల ఖిల్లా చూచుటకు సమయము చిక్కును. అది వేరు బాట; కరీంనగరము చేరి, సిరిసిల్ల దారిని పది కిలోమీటర్లు పోవలెను. వెలిగందుల యని దానికి పాతపేరు. కాకతీయుల తరువాత కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు దీనిని ఏలిరి. 1905 వరకు జిల్లాకు ముఖ్యపట్టణము ఎలగందులయే. ఆ యేట కచేరీలు కరీంనగరమునకు తరలినవి. ఎలగందుల ఖిల్లేదారుడైన సయ్యద్ కరీముద్దీను పేరనే కరీంనగరము వెలసినదని చెప్పుదురు. అనగా చిన్న ఊరు పెద్దదై, పెద్ద ఊరు చిన్నదైనది. 1754లో జఫరుద్దౌలా కట్టించిన జంట మీనారులు ఊగునని ప్రతీతి. ఖిల్లా పైనుండి మానేరు జలాశయము కనబడును.

కాళ్లలో సత్తువ గలవారు మరియొక దినమున పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాకు పోవచ్చును. శ్రావణమాసమున అక్కడ జనము ఎక్కువ. ఓషధులకు ఆ గుట్ట పేరుగన్నది గనుక వృక్షశాస్త్రము, ఆయుర్వేదము చదువు విద్యార్థులు ఉపాధ్యాయులతో గుంపులుగా పోయి ఆకులు అలములు గుర్తించుట చాలకాలముగా నున్న ఆచారము. కాళిదాసు మేఘదూతములోని రామగిరి ఇదియేయని స్థానికులు నమ్ముదురు. పండితులలో అధికులు దానిని నాగపురము వద్దనున్న రామటేకుగా తలంతురు. ఆదిలాబాదు వైపువారికి నిర్మల చుట్టునున్న గుట్టలమీది కోటలు దగ్గర. పెన్‌గంగ దాటి మహారాష్ట్రమున మాహూరు కొండపైనున్న రేణుకాదేవి గుడికి పోవుట వారికి తాతలనాటి అలవాటు.

ఎక్కడికి పోయినను బృందములో ముందు నడచువాడొకడు, వెనుక నడచువాడొకడు ఉండవలెను. బొమ్మలగుట్టమీద తాగునీరు దొరకునను నమ్మకముతో పోరాదు. సీసాలు వెంట నుంచుకొనవలెను. ఎండకాలమున పది గంటలకే బండ కాలును గనుక కార్తికము మొదలు మాఘము వరకు అనుకూలమైన కాలము. వానకాలమున పాచిపట్టిన రాతిమీద చెప్పులు జారును. దిగివచ్చిన తరువాత బస్సు కదలకముందు తలలు లెక్కపెట్టుకొనుట మరువరాదు. శాసనము ముందర ఇంకను నిలిచియుండువాడు ఒకడైన నుండును.